ముద్ర పడని కాగితం

ఫిబ్రవరి 6

అక్కా,

నువ్వు బాగున్నావని తలుస్తాను. మేం ముగ్గురం కూడా బాగానే ఉన్నామని రాయబోయి ఆగాను. నీకు అబద్ధం రాస్తే అక్షరాల వాలు చూసి పట్టేస్తావు. అందుకని ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను. నీ మేనకోడలు మిడతను ఈ సోమవారం నుంచి బడి మాన్పించాం.

కోప్పడే ముందు మొత్తం చదువు. దాని నత్తి సంగతి నీకు తెలిసిందే. ఈ ఏడు వచ్చిన కొత్త టీచరు, హాజరు వేసేటప్పుడు పిల్లలు లేచి తమ పేరు తామే చెప్పాలని పద్ధతి పెట్టింది. మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటుంది. మన పిల్ల మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోతుంది. అది పేరు పూర్తి చేసేలోపు ఎన్ని అంకెలు వస్తాయో క్లాసంతా వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారట. ఒకరోజు ఇరవై రెండు దాకా వెళ్లింది. ఆ మర్నాటి నుంచి అది నోరు విప్పలేదు. పేరు చెప్పలేదు కాబట్టి రానట్టే లెక్క. బెంచీ మీద కూర్చుని పాఠం వింటూనే పదకొండు రోజులు గైర్హాజరు వేయించుకుంది. బడి నుంచి చీటీ వస్తే గానీ మాకు తెలియలేదు.

రోజూ చేయి పట్టుకుని గేటు దాకా దింపింది నేనే అక్కా. అన్నం డబ్బా మూత తీయకుండా వెనక్కి తెస్తుంటే ఆకలి మందగించిందేమో అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఇక ఇంట్లోనే చదివిద్దామని నిర్ణయించుకున్నాం. నీ మరదలు ఆసుపత్రిలో నర్సు డ్యూటీ మధ్యాహ్నానికి మార్చుకుంది. పొద్దున లెక్కలు తను చెబుతుంది, మిగతావి నేను కళ్లజోళ్ల కొట్టు వెనక గదిలో చెబుతాను. కానీ చట్టప్రకారం ఏమేం చేయాలో మాకు బొత్తిగా తెలియదు. స్కూలు బోర్డు ఆఫీసు కిటికీలో ముప్పై ఏళ్లు కాగితాలు తీసుకున్నదానివి, నువ్వు కాక ఇంకెవరు చెబుతారు?

నీ కళ్లజోడు కాడలు వదులైతే పార్సెలు చెయ్యి, బిగించి పంపుతాను.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 10

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం రాలేదు. వచ్చిందేమిటో చెప్పడం నాకు చేతకాదు, వదిలేయ్.

ముందు చట్టం చెబుతాను. పిల్లను ఇంట్లో చదివించడం నేరం కాదు, చెప్పకుండా చదివించడం నేరం. బడిలో పేరు కొట్టేసిన రోజు నుంచి ముప్పై రోజుల లోపల, తల్లీ తండ్రీ ఇద్దరూ ప్రతి పేజీలోనూ సంతకం పెట్టిన నోటీసు బోర్డు ఆఫీసులో దాఖలు చేయాలి. ఏ సబ్జెక్టు ఎవరు చెబుతారు, ఎక్కడ చెబుతారు, వారానికి ఎన్ని గంటలు అన్నది ప్రణాళికగా రాసి దానికి జతచేయాలి. హాజరు పుస్తకం పెట్టి రోజూ రాయాలి. ఒక్క పిల్లే కదా, కళ్లముందే తిరుగుతోంది కదా అని బద్ధకిస్తే కుదరదు. ఏడాదికోసారి అర్హత ఉన్న టీచరు ఎవరైనా పరీక్షించి సంతకం చేయాలి, ఆ టీచరు చుట్టం కాకూడదు. ఇన్‌స్పెక్టరు వస్తే తలుపు తీసి కుర్చీ వేయాలి, నీ అలవాటు ప్రకారం వాదన పెట్టుకోకూడదు.

ఇవన్నీ ఉంటే నిన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. నోటీసు ఒక్కటి లేకపోతే మాత్రం మిగతావి ఎంత ముచ్చటగా ఉన్నా నీ కూతురు బడి ఎగ్గొట్టిన పిల్ల కిందే లెక్క. విచారణకి పిలిచి, తిరిగి అదే బడికి పంపమని ఆర్డరు ఇస్తారు.

తపాలాలో ఆఫీసుకి పంపకు. ఆ సంచులు ఎన్ని రోజులు విప్పకుండా పడి ఉంటాయో చూసినదాన్ని. నాకు పంపు, నేనే కిటికీ దగ్గర ఇచ్చి ముద్ర వేయించి నంబరు రాయించుకుంటాను. ముద్ర పడని కాగితం కాగితమే కాదు.

ఒక్క మాట మాత్రం అడుగుతాను. పిల్లను ఇంట్లో పెట్టుకుంటే ఇంటి పని దాని మీద పడకుండా ఉండదు. ఒక గ్లాసు కడగమంటాం, ఒక తలుపు తీయమంటాం, అలా పొద్దు గడిచిపోతుంది. చూసుకో. నేను రిటైరై ఏడు నెలలైనా ఇంకా తొమ్మిదింటికి చీర మార్చుకుని కూర్చుంటున్నాను. ఎక్కడికీ వెళ్లేది లేదు, ఊరికే కూర్చుంటాను.

మిడతకి ముద్దులు.

అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

నోటీసు, ప్రణాళిక జతచేశాను. నీ మరదలు డ్యూటీకి పరుగెడుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూనే సంతకాలు పెట్టింది. హాజరు పుస్తకం మిడతే గీసింది. గళ్లు ఎంత నేరుగా ఉన్నాయంటే నా స్కేలు సిగ్గుపడుతోంది.

నీకో విశేషం చెప్పాలి. కొట్లో కళ్లు పరీక్షించడానికి గోడకి అక్షరాల పట్టిక ఉంటుంది కదా, ఒక్కో అక్షరం మీద కర్ర పెట్టి చూపించే పని అది తీసుకుంది. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, "ఇదేమిటి? ఇప్పుడు కింది వరస చదవండి" అంటుంది. ఒక్క ముక్క తడబడదు. అడిగేది తనైతే నత్తి రాదు, తనని అడిగితేనే వస్తుంది. ఇన్నేళ్లుగా ఇంట్లో ఉండి నేను గమనించలేదు. అద్దాల పవర్లు పావు చొప్పున పెరుగుతాయి కాబట్టి భిన్నాలు దానంతట అవే వచ్చేశాయి.

నువ్వు ఉన్నావన్న ధైర్యంతోనే ఇంత పనికి దిగాను. నంబరు రాగానే రాయి.

తమ్ముడు


మార్చి 9

తమ్ముడూ,

జవాబు ఆలస్యమైంది. మోకాళ్లు సహకరించడం లేదు. పై వాటాలోకి టైలరమ్మ కొత్తగా దిగింది, పొద్దస్తమానం మిషను చప్పుడు. నాకు అది బాగానే ఉంది. ఎవరో పని చేస్తున్నారన్న భరోసా.

కాగితం గురించి బెంగ పెట్టుకోకు. నంబరు రావడానికి టైము పడుతుంది, ఈమధ్య అక్కడ అన్నీ నత్తనడకే.

ఇంకో సంగతి. మా వీధి చివర చిన్న బడి ఉంది. పిల్లలు మొత్తం ముప్పై మందికి మించరు. నిన్న వెళ్లి గేటు దగ్గర నిలబడి చూశాను. టీచరు పిల్లల పక్కన నేల మీద కూర్చుని చెబుతోంది. మిడతను నా దగ్గర ఉంచితే ఆ బడిలో చేర్పిస్తాను. మీరు నెలకోసారి వచ్చి చూసుకోవచ్చు. ఆడపిల్లకి బడి ఉండాలిరా. ఇల్లు ఎంత మంచిదైనా అది బడి కాదు.

ఆలోచించు.

అక్క


మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం చదివి నీ మరదలు లేచి వెళ్లింది. మా పిల్లను మేం సరిగ్గా చూసుకోలేమని కదా దాని అర్థం? నువ్వు ప్రేమతోనే రాసి ఉంటావు. కానీ పిల్లలు లేనిదానివి, కన్న పిల్ల పక్కగదిలో లేకపోతే ఎలా ఉంటుందో నీకు తెలియదు.

ఇంతకంటే పెద్ద దిగులు ఒకటి పట్టుకుంది. రెండో పేజీలో నీ మరదలు సంతకం పెట్టిందో లేదో నాకు గుర్తు రావడం లేదు. తను పెట్టాననే అంటోంది కానీ ఆ హడావుడిలో ఏమైనా జరగవచ్చు. నంబరు రాకపోవడానికి కారణం అదేనా? నిజం చెప్పు.

తమ్ముడు


మార్చి 20

తమ్ముడూ,

సంతకం లేకపోతే కాగితం పక్కన పెట్టే మాట నిజమే. కావచ్చు. కనుక్కుంటాను.

నేను పిల్లలు లేనిదాన్ని కాదురా. నాకు పదేళ్లప్పుడే ఒకడు నా చేతుల్లోకి వచ్చాడు. ఏడుస్తాడు, మారాం చేస్తాడు, చంక దిగడు. ఇప్పుడు కళ్లజోళ్లు చేస్తున్నాడు.

ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

కొంప మునిగింది. మొన్న హాజరు ఇన్‌స్పెక్టరు కొట్టుకి వచ్చింది. ఆ సమయానికి మిడత ఒక పెద్దాయనకి పట్టిక చూపిస్తోంది. బడి వేళలో పిల్ల చేత కొట్లో పని చేయిస్తున్నారేమిటని అడిగింది. నేను నవ్వుతూనే కుర్చీ వేసి హాజరు పుస్తకం, నోటు పుస్తకాలు, ప్రణాళిక నకలు అన్నీ ముందు పెట్టాను. ఆవిడ ఓపికగా చూసింది. లెక్కల పుస్తకం చూసి మెచ్చుకుంది కూడా. తర్వాత నోటీసు నంబరు అడిగింది. మా అక్క ఆ ఆఫీసు మనిషే, స్వయంగా ఇచ్చింది, నంబరు రావాల్సి ఉందని గర్వంగా చెప్పాను. నంబరు రావడం ఉండదండీ, కిటికీలో ఇచ్చినప్పుడే వేస్తారు అంది ఆవిడ. అక్కడే నిలబడి ఫోన్ చేసి కనుక్కుంది. మా కాగితం ఏ పుస్తకంలోనూ లేదు.

మే 2న విచారణ. మిడతను తీసుకుని రావాలి. మా జవాబు వాళ్లకి నచ్చకపోతే వెంటనే పాత బడికే పంపాలి.

సంతకం లేని కాగితం నీకే తిప్పి ఇచ్చేసి ఉంటారు, నన్ను బాధపెట్టడం ఇష్టం లేక నువ్వు చెప్పలేదు. నాకు తెలుసు. నేను మాత్రం నీ మరదల్ని నోటికి వచ్చినట్టు అన్నాను. రోగులకి మందులివ్వడం గుర్తుంటుంది, కూతురి కోసం ఒక్క సంతకం గుర్తుండదా అన్నాను. మూడు రోజులుగా మా మధ్య మాటల్లేవు. అన్నం వడ్డించిందని, కొట్టు తాళం ఎక్కడుందని, మా ఇద్దరి మధ్యా మాటలు మోస్తోంది మిడతే. దానికి ఒక్కో మాట ఎంత కష్టమో తెలిసి కూడా మోయిస్తున్నాం.

నిన్న అడిగింది, "అక్కడ మళ్లీ నా పేరు నేనే చెప్పాలా నాన్నా?" అని.

తమ్ముడు


ఏప్రిల్ 16

తమ్ముడూ,

ముందు ఈ వాక్యం తీసుకెళ్లి నీ భార్యకి చదివి వినిపించు. తను రెండు పేజీల్లోనూ సంతకం పెట్టింది. వినిపించి వచ్చాక మిగతాది చదువు.

నోటీసు నేను ఇవ్వలేదు.

ఫిబ్రవరి పద్దెనిమిదిన అందింది. పంతొమ్మిదిన ఆఫీసుకి వెళ్లాను. వరసలో నాకు ముందు ఇద్దరే ఉన్నారు. నా వంతు రాగానే పక్కకి జరిగి, వెనకాయన్ని వెళ్లమన్నాను. ఇంటికి వచ్చి నా పాత కుట్టుమిషను సొరుగులో పెట్టాను. రేపు ఇద్దాం అనుకున్నాను. ఒక నెల ఓపిక పడితే నీ పంతం తగ్గి పిల్ల ఏదో ఒక బడికి వెళుతుంది అని కూడా అనుకున్నాను. గడువు దాటిన రోజు నాకు తెలుసు. ఆ రోజంతా క్యాలెండరు వైపు వీపు పెట్టి కూర్చున్నాను. తర్వాత నువ్వు నంబరు అడిగితే టైము పడుతుందని రాశాను. ఆ నంబరు వేయడానికి ఎంత సేపు పడుతుందో ముప్పై ఏళ్లు వేసిన దానికి తెలియదా? సంతకం మాట నువ్వు ఎత్తితే, అది అబద్ధమని తెలిసీ కావచ్చు అన్నాను. ఆ ఒక్క ముక్కతో మీ ఇద్దరి మధ్య చిచ్చు పెట్టాను.

ఎందుకు చేశానో చెబుతాను. చెప్పినంత మాత్రాన తప్పు చిన్నది కాదు.

చదువు మీద ధ్యాస లేక నేను బడి మానేశానని కదా నీకు ఇంట్లో చెప్పారు. నాకు బడంటే ప్రాణం. నువ్వు పుట్టాక అమ్మ మంచం పట్టింది. నాన్న నన్ను వెంటబెట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, "ఇంట్లోనే చదువుకుంటుందిలెండి" అన్నారు. హెడ్మాస్టరు తలూపి పుస్తకంలో నా పేరు మీద గీత గీశారు. ఎవరూ నన్ను అడగలేదు. తర్వాత ఎవరూ ఇంటికి వచ్చి చూడలేదు. అప్పట్లో నోటీసూ లేదు, ఇన్‌స్పెక్టరూ లేదు. నిన్ను చంకన వేసుకుని బడి దాకా నడిచి, కిటికీ పక్కన గోడకి ఆనుకుని పాఠం వినేదాన్ని. నువ్వు ఏడిస్తే లోపల అందరూ తలలు తిప్పేవాళ్లు, వచ్చేసేదాన్ని. చాలా ఏళ్లకి ప్రైవేటుగా పరీక్షలు రాసి, నా క్లాసు పిల్లలు టీచర్లు అయిపోయాక, నేను ఆ కిటికీలో గుమస్తానయ్యాను.

ఆ కిటికీలోకి ఇలాంటి నోటీసులు ఎన్నో వచ్చేవి. ముద్ర వేసే మనిషి లోపల ఏముందో చదవకూడదు. నేను చదివేదాన్ని. ఆడపిల్ల పేరు కనిపిస్తే చేయి ఆగేది. అయినా ముద్ర వేసేదాన్ని, అది నా ఉద్యోగం కాబట్టి. ఇన్నేళ్లలో నేను ఆపిన కాగితం ఒక్కటే. అది నా తమ్ముడిది.

నువ్వు మన నాన్నలాంటివాడివి కావు. పట్టిక గురించి, పావు పవర్ల గురించి నువ్వు రాసింది చదివినప్పుడే ఆ సంగతి నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా సొరుగు తీయలేదు. అది మాత్రం ఎందుకో నాకూ తెలియదు.

నిన్న నీ నోటీసు, దాంతో పాటు ఈ జరిగినదంతా నా చేతిరాతతో రాసి సంతకం పెట్టిన వాంగ్మూలం, రెండూ కిటికీలో ఇచ్చాను. నా సీట్లో ఇప్పుడున్న అమ్మాయికి పని నేర్పింది నేనే. నేర్పిన ప్రకారం లోపల చదవకుండా ముద్ర వేసింది. నంబరు రాసుకుంటూ పేరు దగ్గర ఆగి తలెత్తి చూసింది. నేను ఆ చూపు తప్పించుకుని వచ్చేశాను. నంబర్లు వేరే చీటీ మీద రాసి ఈ ఉత్తరంతో పెట్టాను, విచారణలో చూపించు.

నన్ను రమ్మంటే వచ్చి నా నోటితో చెబుతాను. వద్దంటే ఇక్కడే ఉంటాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

అక్క


ఏప్రిల్ 24

ఉత్తరం అందింది. మొదటి వాక్యం వినిపించాను.

విచారణకి రావద్దు.


మే 8

అక్కా,

కోపం పోయిందని రాస్తే నువ్వు అక్షరాల వాలు చూసి పట్టేస్తావు. పోలేదు. కాగితం ఆపినందుకు కొంత, నీ మరదలి మీదకి నన్ను ఉసిగొల్పినట్టు అయినందుకు ఎక్కువ. ఉసిగొల్పింది నువ్వే అయినా అన్న మాటలు నావే. అందుకు తన కాళ్ల దగ్గర కూర్చుని క్షమాపణ అడిగాను. మాట్లాడుతోంది. మునుపటిలా నవ్వడానికి ఇంకొంచెం రోజులు పడుతుంది.

విచారణ పొడవాటి గదిలో జరిగింది. బల్ల వెనక ముగ్గురున్నారు. నీ వాంగ్మూలం మొదటి నుంచి చివరి దాకా పైకి చదివారు. నేను నేల వైపే చూస్తూ కూర్చున్నాను. తండ్రి గడువులోపలే నమ్మకంతో కాగితం అప్పగించాడు కాబట్టి ఆలస్యాన్ని మన్నిస్తున్నామన్నారు. మిడత ఇంట్లోనే చదువుకోవచ్చు. పాఠాల వేళ అయ్యాకే కొట్లో కర్ర పట్టుకోవాలి, ఆరు నెలల్లో బయటి టీచరు పరీక్షించాలి, అంతవరకు ఇన్‌స్పెక్టరు రెండుసార్లు వస్తుంది.

చివర్లో మధ్యలో కూర్చున్నాయన మిడతను పేరు అడిగాడు. అది లేచి నిలబడింది. నత్తి వచ్చింది, ఎప్పటికంటే ఎక్కువే వచ్చింది. ఆ గదిలో ఎవరూ కదల్లేదు, ఎవరూ మాట అందివ్వలేదు. నేను మాత్రం లోపల లెక్కపెట్టాను అక్కా. కన్నతండ్రిని, నేనే లెక్కపెట్టాను. పదిహేడు. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పేరు పూర్తయ్యాక అది కూర్చోకుండా, మీ కళ్లజోడు ఎడమ కాడ వదులైంది, అందుకే పక్కకి వాలుతోంది అని గడగడా చెప్పేసింది. ఆయన తీసి చూసుకున్నాడు.

ఇప్పుడు నా వంతు. ఆ బడి కిటికీ కథ నాకు తెలుసు. అమ్మ వేరేగా చెప్పేది. "మీ అక్క నిన్ను ఎత్తుకుని బడి దాకా వెళ్లేది, గుమ్మం తొక్కమంటే మాత్రం బద్ధకం" అనేది. నేను దాన్ని నవ్వులాటగా నలుగురికీ చెప్పాను. నా పెళ్లిలో అందరి ముందూ చెప్పాను. నువ్వు పక్కనే ఉన్నావు, నువ్వూ నవ్వావు. పిల్లలు లేనిదానివని రాసిన చేయి కూడా ఇదే. నువ్వు ఆపింది ఒక్క కాగితం. నేను పుట్టి నీ బడే ఆపాను, పైగా నలభై ఏళ్లు నవ్వాను.

నీ ఉత్తరంలో ఆ భాగం మిడతకి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "మరి అత్త పాఠం వింది కదా, హాజరు వేశారా?" అని అడిగింది. లేదమ్మా, పేరు కొట్టేశారు కదా అన్నాను. తర్వాత హాజరు పుస్తకం తెచ్చి, తన పేరు కింద ఇంకో గీత గీసి అత్త అని రాసింది. నాలుగు రోజులుగా తనకి హాజరు, నీకు గైర్హాజరు వేస్తోంది. ఇన్‌స్పెక్టరు చూస్తే ఏమంటుందో అంటే, కిటికీ దగ్గర నిలబడినా హాజరే వేస్తాను, కానీ రావాలి కదా అంది.

పదకొండు రోజులు దాటితే ఇంటికి చీటీ పంపుతుందట. అదీ సంగతి.

తమ్ముడు


మే 11

తమ్ముడూ,

మరదలికి విడిగా ఉత్తరం రాశాను, తను ఒక్కతే ఉన్నప్పుడు ఇవ్వు. నా తప్పు నువ్వు పంచుకోవద్దు. ఒళ్లో పిల్లాడికి ఏం తెలుస్తుంది? ఏడిచావు, అంతే. పెళ్లిలో నేనూ నవ్విన మాట నిజమే. ఏడిస్తే బాగుండదని.

పదకొండు రోజులు దాటనివ్వను. పదిహేనో తారీకు పొద్దున బస్సుకి వస్తున్నాను. కాడలు వదులైన కళ్లజోడు కూడా తెస్తున్నాను. ఆ రోజు నా గడిలో నేను వచ్చేదాకా ఏమీ రాయకుండా ఖాళీగా ఉంచమని మిడతకి చెప్పు. అది అడిగితే నా పేరు నేనే చెబుతాను.

అక్క